హర్రాజులో ఇల్లు: పాట మనదే, తాళం చెవి ఎవరిది?

నల్గొండలో పానగల్లు వైపు, మహబూబ్‌నగర్‌లో భూత్పూర్ దారిలో, జడ్చర్ల హైవే పక్కన, ఊరి అంచున కట్టుకున్న ఇళ్లు అప్పు తీరక బ్యాంకు హర్రాజుకు, అంటే వేలానికి, వస్తూనే ఉంటాయి. పేపర్లో సన్నక్షరాల ప్రకటన, ఆన్‌లైన్‌లో పాట. ఈ ఆన్‌లైన్ హర్రాజు కొనేవాడికి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ కాలు జారుతుంది అన్నదే ఈ రివ్యూ. పాట నడిపే తీరుకు 5కు 4. ఇల్లు చేతికి అందించే తీరుకు 5కు 2. ఈ రెండింటికీ సగటు తీయకండి. మొదటిది గంటా రెండు గంటల పని, రెండోది ఏడాది దాటినా దాటొచ్చు.

చూడ్డానికి కొత్త సరుకులా ఉంటుంది కానీ లోపల ఉన్నది తెల్లదొరల కాలపు యంత్రమే. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్ తీసి చూడండి. కోర్టు హర్రాజులో ఇల్లు పాడుకున్నవాడు నాలుగో వంతు సొమ్ము అక్కడికక్కడే కట్టాలి, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. కోర్టుకు పోకుండా బ్యాంకే తాకట్టు ఆస్తిని అమ్ముకోనిచ్చే 2002 సర్ఫేసీ చట్టం కింద రాసిన రూల్స్‌లో కూడా అదే నాలుగో వంతు, అవే 15 రోజులు. కృష్ణకు అవతల, మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు బాకీల కోసం భూములు పాడటానికి 1864 చట్టం ఉండేది. దాంట్లో 15 శాతం ముందు కట్టి, మిగతాదానికి 30 రోజులు గడువు. మన వైపు నిజాం సర్కారుది వేరే దఫ్తరు. భూమి శిస్తుకు 1317 ఫస్లీ, అంటే 1907 నాటి చట్టం. 1908 కోడ్ మన జిల్లాలకు 1951 ఏప్రిల్ 1న గానీ రాలేదు. చట్టం మారినా నోటి మాట మారలేదు. నల్గొండలో ఇప్పటికీ అది హర్రాజే.

ఆ కాలపు హర్రాజుల్లో బంగళా, దాని చుట్టూ ఉన్న జాగా, పెరట్లో కోళ్లు ఒకే రోజు పాటకు వచ్చినా, మూడింటికీ ఒకే న్యాయం నడవలేదు. తేడా అర్థమైతే నేటి బ్యాంకు పాట కూడా అర్థమవుతుంది. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం వేలంలో ఒక్కో లాటు ఒక్కో విడి అమ్మకం. డజను కోళ్లు ఒక లాటు, నాలుగు బాతులు ఇంకో లాటు. సుత్తి పడగానే ఆ లాటు కొన్నవాడిది. ఆ తర్వాత బుట్టలో కోడి చస్తే నష్టం కూడా వాడిదే. కోర్టు వేసే పాటలోనైతే కోళ్ల సొమ్ము అప్పటికప్పుడే కట్టాలి. కట్టకపోతే వెంటనే మళ్లీ పాట. ఇల్లు, భూమి అట్లా కాదు. సుత్తి పడ్డా, డబ్బు కట్టినా, పాట ఖాయమైందని కోర్టు చెప్పేదాకా చేతిలో ఉన్నది ఆశ మాత్రమే. ఈలోపు బాకీదారు వచ్చి మొత్తం బాకీ, దానితోపాటు పాట సొమ్ములో 5 శాతం కొనుగోలుదారుకు పరిహారంగా కట్టి పాటను రద్దు చేయించుకోవచ్చు. అందుకు ఇప్పుడున్న గడువు 60 రోజులు. బ్యాంకు పాటలో ఈ భయం తక్కువ. సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత, వేలం ప్రకటన అచ్చయిన రోజుతోనే అప్పు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు బాకీదారుకు పోతుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. కొనేవాడి కోణంలో కోర్టు పాట కంటే బ్యాంకు పాట ఇక్కడ ఒక మెట్టు పైనే.

ఇక లెక్కలు. రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 40 లక్షలనుకుందాం. ధరావతు, అంటే పాటలో దిగడానికి ముందే కట్టే డిపాజిట్టు, సాధారణంగా దాంట్లో 10 శాతం, అంటే 4 లక్షలు. ప్రభుత్వ బ్యాంకుల ఆస్తులైతే ఎక్కువగా బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో పెడతారు. రిజిస్టరై, పాన్, ఆధార్ వివరాలిచ్చి, ధరావతు వాలెట్‌లో వేయాలి. ఇదంతా చివరి రోజుకు పెట్టుకుంటే సొమ్ము జమ కాక పాట గేటు దగ్గరే ఆగిపోతుంది. కనీసం రెండు పనిదినాల ముందు వేయండి. 44 లక్షలకు మీ పాట నిలిచిందనుకోండి. నాలుగో వంతు 11 లక్షలు. ధరావతు 4 పోగా 7 లక్షలు అదే రోజు, లేదంటే మరుసటి పనిదినం కట్టాలి. మిగిలిన 33 లక్షలు పాట ఖాయమైన 15 రోజుల్లోపు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరుగుతుంది, అదీ 3 నెలలు మించదు. నోటిమాట గడువును నమ్మొద్దు. తప్పితే కట్టిందంతా జప్తు. చాలామంది మునిగేది ఇక్కడే. హోమ్‌లోన్ వస్తుందన్న ధీమాతో పాడతారు, లోను ఇచ్చే బ్యాంకు లీగల్ ఒపీనియన్‌కే 15 రోజులు తింటుంది. పాటకు ముందే ఆస్తి కాగితాలు చూపించి లోను మంజూరు చేయించుకోవడం ఒక్కటే మార్గం. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ముందే కోసి సర్కారుకు కట్టే ఆదాయపు పన్ను) కూడా కోయాలి. దానికి బాకీదారు పాన్ నంబరు కావాలి. బ్యాంకు నుంచి ముందే రాబట్టండి, తర్వాత అడిగితే ఎవరూ ఫోనెత్తరు.

నాలుగు మార్కులు ఎందుకిచ్చామంటే, రింగు పోయింది కాబట్టి. చావడి ముందు పాటలో నలుగురు పెద్దమనుషులు ముందే కూడబలుక్కునేవారు. ఒకడు సర్కారు పాట మీద పిసరంత పెంచుతాడు, మిగతావాళ్లు మీసాలు దువ్వుకుంటారు, తర్వాత చాయ్ హోటల్లో గుడ్‌విల్ పంచుకుంటారు. అమ్మేవాళ్లు చేసే మోసం దీనికి తలకిందులు. దొంగ పాటగాళ్లను పెట్టి ధర పెంచేవారు. అట్లా పెంచితే అమ్మకం రద్దు చేసుకునే హక్కు కొనేవాడికి ఉంటుందని 1872లోనే రాశారు, రుజువు చేయడమే కష్టం. ఆన్‌లైన్‌లో పక్కవాడెవడో తెలియదు. చివరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే సమయం దానంతటదే పెరుగుతుంది. సాధారణంగా 5 లేదా 10 నిమిషాలు, ప్రకటనలో చూసుకోవాలి. పాట వేడి మీద పెంచుతూ పోయే జబ్బుకు మాత్రం పోర్టల్ దగ్గర మందు లేదు. పై అంకె కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

మార్కులు తెగ్గోసింది కబ్జా దగ్గర, అంటే ఇల్లు స్వాధీనం చేసే దగ్గర. ప్రకటనలో ‘సింబాలిక్’ అని ఉంటే బ్యాంకు గోడకు నోటీసు అంటించిందని అర్థం, ఇంట్లో జనం ఇంట్లోనే ఉన్నారు. ‘ఫిజికల్’ అని ఉంటే తాళం బ్యాంకు దగ్గర ఉంది. ఈ ఒక్క మాట ధరలో లక్షల తేడా తేవాలి, తేకపోతే ఆ పాట జోలికి పోవద్దు. సింబాలిక్ ఆస్తిని ఖాళీ చేయించాలంటే సర్ఫేసీ 14వ సెక్షన్ కింద బ్యాంకు కలెక్టర్ దగ్గరికి వెళ్లాలి. చట్టంలో 30 రోజులని, కారణం రాస్తే మొత్తం 60 అని ఉంది. ఆ అంకెలు కాగితం మీద చూసి మురిసిపోవడానికే. ఈలోపు బాకీదారు హైదరాబాద్ డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు) పోతాడు, అద్దెకున్నవాడు ఇంకో అగ్రిమెంటు తీస్తాడు. ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అన్న షరతు ప్రకటనలో ఊరికే రాయరు. కరెంటు బాకీ కూడా అందులోకే వస్తుంది. సరఫరా నిబంధనల్లో ఉంటే పాత యజమాని బకాయి కట్టేదాకా కొత్త కనెక్షన్ ఆపొచ్చని 2023లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సర్వీసు నంబరు కొట్టి బిల్లు చూడటం రెండు నిమిషాల పని. ఇంటి పన్ను, నల్లా బిల్లు కూడా అట్లాగే చూసుకోండి.

1908 కోడ్ హర్రాజు ప్రకటనను ఆస్తి ఉన్నచోట డప్పు కొట్టించి చెప్పించమంది. ఊరంతా వినేది, పొత్తుల గొడవ ఉంటే అక్కడే బయటపడేది. ఇప్పుడు ఆ పని మీరే చేయాలి. ఇంటి ముందు నిలబడి పక్కింటివాళ్లను అడగండి, దళారీ చెప్పని సంగతి సగం అక్కడే దొరుకుతుంది. నాలుగు హద్దులూ ప్రకటనతో సరిపోల్చండి. పాత దస్తావేజులో గుంటలుంటాయి, బ్యాంకు గజాల్లో రాస్తుంది. గుంటకు 121 గజాలు, లెక్క తప్పితే అడగండి. 30 ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్ల జాబితా) తీయించండి. పంచాయతీ లేఅవుట్ ప్లాటైతే ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజు) కట్టారో లేదో చూడాలి. కట్టకపోతే ఇంటి పర్మిషన్ దగ్గర ఆ భారం మీ నెత్తినే పడుతుంది.

కోళ్ల ఫారం పాటకు వస్తే చూసే కళ్లు వేరు. ముందుగా, వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ నడవదు, 31వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. షెడ్డున్న సర్వే నంబరుకు నాలా మార్పిడి (సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్చడం) అయిందా అన్నది తేల్చుకోకుండా ధరావతు వేయొద్దు. రెండోది, షెడ్డు మీరు చూసేసరికి కోళ్లుండవు. గుడ్ల కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. 10,000 కోళ్లంటే రోజుకు 1,100 కిలోలు, 50 కిలోల బస్తాలు 22. మేపే ఖర్చు సరుకు విలువను మించేట్టుంటే అప్పటికప్పుడే అమ్మేయొచ్చని 1908లోనే జప్తు అధికారికి వెసులుబాటిచ్చారు, అది ఇట్లాంటి నోళ్లను చూసే. మిగిలేది కోళ్ల పంజరాలు, దాణా మిక్సర్, బోరు. పంజరాలు వేరే బ్యాంకుకు తాకట్టులో ఉండొచ్చు, ప్రకటనలో పేరుపేరునా రాసి ఉంటేనే లెక్కలో వేసుకోండి. రెట్ట అమ్మోనియా పంజరం అడుగు తీగలను తినేసి ఉంటుంది, చేత్తో నొక్కి చూడాలి. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా లేకపోతే మన ఎండలకు పక్కల నుంచి వడ కొట్టి కోడి నిలవదు. ఆ షెడ్డుకు గోడౌన్ ధరే పెట్టండి.

తాళం ఇచ్చే రోజు పంచనామా రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు తీసుకోండి. మీటరు రీడింగు ఫొటో తీయండి. లోపల పాత సామాను ఉంటే జాబితాలో ఎక్కాలి, బయట పారేస్తే కేసు మీ మీదికి వస్తుంది. సేల్ సర్టిఫికెట్‌లో ఉన్నది స్థిరాస్తి మాత్రమే. పెరట్లో గోడకు కట్టిన కోళ్ల గూడు ఇంటితోపాటు మీది. అందులో పొదుగుతున్న పెట్ట పాత యజమానిది.