ఆషాఢమంతా సంచిలో పడి ఉన్నా ఛార్జ్ దిగని సెల్స్

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఛార్జింగ్ సెల్స్ కొనేటప్పుడు ముందు చూసేది వాటి మీద ఎంత ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) అని రాసుందో. షాపువాళ్లు కూడా ఆ అంకె చూపించే అమ్ముతారు. నేను ఏళ్ల తరబడి ఫ్లాష్‌లో ఎనలూప్ బ్రాండు తెల్ల సెల్స్ వాడుతున్నాను. ఇన్నాళ్ల వాడకం తర్వాత చెబుతున్నాను, ఆ అంకె సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఛార్జ్ చేసి పక్కన పెడితే ఆ ఛార్జ్ ఎన్నాళ్లు నిలుస్తుందో అది ముందు కనుక్కోండి.

మన పెళ్లిళ్ల వరస చూస్తే ఇది ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే తిండికీ నిద్రకీ టైము ఉండదు. ఆషాఢం వచ్చిందంటే ఒక్క ఫోనూ మోగదు. దానికి మూఢం కూడా తోడైతే సంచి బీరువా మీదే ఉండిపోతుంది. పాతరకం నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ అలా ఊరికే ఉంటే వాటంతట అవే దిగిపోతాయి, నెల తిరిగేసరికి పావు వంతో ఇంకా ఎక్కువో పోవడం మామూలే. 2005లో సాన్యో కంపెనీ జపాన్‌లో ఎనలూప్ తెచ్చినప్పుడు చెప్పుకున్న గొప్ప ఇదే, ఏడాది తర్వాత కూడా 85 శాతం ఛార్జ్ ఉంటుందని. తర్వాత ఆ కంపెనీ పానసోనిక్ చేతికి వెళ్లింది. తర్వాత తరాల తెల్ల సెల్స్‌కైతే పదేళ్ల తర్వాత కూడా 70 శాతం ఉంటుందని రాశారు. అంతకాలం ఆగి చూసే ఓపిక ఎవరికుంటుంది గానీ, ఒక ఆషాఢం గట్టెక్కడం మాత్రం కళ్లారా చూశాను.

అది శ్రావణంలో మొదటి పెళ్లి. కోనసీమలో ఒక పల్లెటూరు, ముహూర్తం రాత్రి రెండు దాటాక. ఫ్లాష్‌లో అప్పుడు కొత్త సెట్టు వేసుకున్నాను. 3000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో ముద్రించినవి, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. బయల్దేరే ముందు రోజు రాత్రి ఛార్జర్‌లో పెడితే పచ్చలైటు వచ్చాకే తీశాను. అప్పటికి అవి కొని ఎన్నాళ్లో కాలేదు.

ఫ్లాష్ కొట్టాక లోపల కెపాసిటర్ మళ్లీ నిండేటప్పుడు సన్నగా ఈల వేసినట్టు ఒక శబ్దం వస్తుంది. సెల్స్ బాగుంటే అది గబుక్కున పైకి లేచి రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది, ఎర్రలైటు వెలుగుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లం లైటు చూడం, చెవితోనే లెక్క కట్టుకుంటాం. గౌరీపూజ ఫొటోలు తీస్తుండగానే ఆ శబ్దం సాగడం మొదలైంది. పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చేసరికి ఒక ఫ్లాష్‌కీ ఇంకో ఫ్లాష్‌కీ మధ్య పది అంకెలు లెక్కపెట్టుకోవచ్చు. మేనమామలు బుట్ట దించి పీటల దగ్గర అడ్డుతెర పట్టాక ఇక ఎర్రలైటు రానే లేదు.

"అన్నా, నీ ఫ్లాష్ పడట్లేదు" అన్నాడు వీడియో తమ్ముడు. పంతులుగారు ఒక చేత్తో జీలకర్ర బెల్లం అందిస్తూ వాచీ చూసుకుంటున్నారు. ఆ టైములో ఉండే టెన్షన్ ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. ముహూర్తాన్ని ఇంకో టేక్ అడగలేం కదా.

సంచి అడుగు జేబులో ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు తెల్ల సెల్స్ ఉన్నాయి. జ్యేష్ఠంలో చివరి పెళ్లికి స్పేర్‌గా ఛార్జ్ చేసినవి. ఆ రోజు వాటి అవసరం పడలేదు, ఆషాఢమంతా అలాగే ఉండిపోయాయి. మళ్లీ ఛార్జర్ మొహం చూడలేదు. తలుపు తెరిచి ఆ నాలుగూ మార్చి ఆన్ చేశాను. ఈల గబుక్కున లేచింది, ఎర్రలైటు వెలిగింది. అడ్డుతెర దించే క్షణానికి నేను రెడీగా ఉన్నాను. ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టుకున్న ఆ ఫొటోలో పెళ్లికూతురి వేళ్ల మధ్య నుంచి జారుతున్న బెల్లం కూడా కనిపిస్తుంది.

అక్కడితో ఆగలేదు. మాంగల్యధారణ అయింది, తలంబ్రాలు మొదలయ్యాయి. తలంబ్రాల్లో ఎవరూ ఫొటోగ్రాఫర్ కోసం ఆగరు, దోసిళ్లు ఖాళీ అవుతూనే ఉంటాయి. పైన పందిరికి తెల్లబట్ట కట్టారు. వెలుతురు దానికి తగిలి కిందికి వచ్చేలా బౌన్స్ కొడితే ఫ్లాష్ దాదాపు పూర్తి పవర్ లాగుతుంది. అయినా పసుపు బియ్యం గాల్లో ఉండగానే వరసగా ఫ్రేములు పడ్డాయి. అరుంధతీ నక్షత్రం చూపించడానికి బయటికి తీసుకెళ్లేటప్పుడు గానీ ఈల సాగడం మొదలవలేదు, అప్పటికి ముఖ్యమైనవన్నీ అయిపోయాయి. "బాబూ, జీలకర్ర బెల్లం ఫొటో పడిందా?" అని పెళ్లికూతురి నాన్నగారు అడిగితే కెమెరా వెనక స్క్రీన్ మీద చూపించాను. ఆ పూట ఆ సెల్స్‌కి దణ్ణం పెట్టాలనిపించింది, ఇప్పటికీ నాకు అదే భావం.

ఇంటికొచ్చాక ఆ 3000 సెల్స్‌ని ఒక్కోదాన్ని విడిగా కొలిచే ఛార్జర్‌లో పెట్టి చూశాను. మూడింట్లో ఇంకా సరుకుంది, నాలుగోది ఖాళీ. ఫ్లాష్‌లో నాలుగూ వరసగా కలిసి పనిచేస్తాయి కాబట్టి ఒక్కటి చేతులెత్తేస్తే మిగతా మూడూ ఎంత బాగున్నా లాభం లేదు. పైగా ఖాళీ అయిన దానిలోంచి మిగతావి బలవంతంగా కరెంటు తోస్తే దాని ప్లస్ మైనస్ తారుమారై శాశ్వతంగా పాడవుతుంది. నాలుగింటినీ పూర్తిగా ఛార్జ్ చేసి మళ్లీ కొలిస్తే ఒక్కటి కూడా 3000లో మూడొంతులకి చేరలేదు. ఏఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లో నిజంగా 2700, 2800 దాకా రావడమే గొప్ప. అంతకు మించి రాసుంటే నేను ఇప్పుడు చేత్తో కూడా ముట్టుకోను.

ఈ మధ్య 1.5 వోల్టుల లిథియం ఛార్జింగ్ సెల్స్ మీద 3000, 3500 అని కనిపిస్తోంది. కింద చిన్నక్షరాలు చూడండి, అది ఎంఏహెచ్ కాదు, మిల్లీవాట్ అవర్. అంటే ఎంఏహెచ్‌ని వోల్టులతో గుణిస్తే వచ్చేది. ఆ లెక్కన మన 1.2 వోల్టుల 2000 ఎంఏహెచ్ తెల్ల సెల్ కూడా 2400 అవుతుంది. వాటి లోపల వోల్టేజీ తగ్గించే చిన్న సర్క్యూట్ ఉంటుంది, ఫ్లాష్ ఒక్కసారిగా లాగే కరెంటు చాలావాటిలో ఆ సర్క్యూట్‌కి బరువవుతుంది. ఛార్జ్ అయిపోయే ముందు నెమ్మదించవు కూడా, ఉన్నట్టుండి ఆగిపోతాయి. ముందే చెవికి హెచ్చరిక అందని సెల్‌ని నేను ముహూర్తానికి నమ్మలేను.

తెల్ల సెల్స్ గురించి ఇంత చెప్పాను గానీ కొన్ని సంగతులు కలిపి చూడాలి. పదేళ్లకి 70 శాతం అన్నది 20 డిగ్రీల వేడిలో దాచినప్పటి లెక్క. మా రాజమండ్రిలో మే నెల అంతకు రెట్టింపు దాటుతుంది. వేడి పెరిగేకొద్దీ ఏ సెల్ అయినా తొందరగా దిగుతుంది. అందుకే ఎండాకాలంలో కారులో వదిలిన సెట్టుని నేను మళ్లీ ఛార్జ్ చేయకుండా పెళ్లికి తీసుకెళ్లను. శ్రావణంలో నెగ్గినవి రోహిణి కార్తెలో కూడా అంతే నెగ్గుతాయని అనుకోకండి.

వయసు సంగతి కూడా ఉంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ ఏదైనా ఏళ్లు గడిచేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. కొలిస్తే ఛార్జ్ బాగానే చూపిస్తుంది, ఫ్లాష్‌లో వేస్తే మాత్రం ఈల సాగుతుంది. అలాంటివాటిని ఫ్లాష్‌ని దూరం నుంచి పేల్చే ట్రిగ్గర్‌లోకి, గోడ గడియారంలోకి మార్చేస్తాను, అక్కడ ఇంకా చాలాకాలం వస్తాయి. తెల్ల సెల్స్‌ని 2100 సార్లు ఛార్జ్ చేయొచ్చు అని కంపెనీ చెప్పే మాటని నేను ఫ్లాష్‌కి వర్తింపజేసుకోను. నాలుగేసి సెల్స్‌కి ఒకే అక్షరం రాసి, సెట్టుని ఎప్పుడూ విడదీయను. ఒకటి ముసలిదైతే నాలుగింటినీ కలిపే ఫ్లాష్ నుంచి రిటైర్ చేస్తాను.

నల్ల సెల్స్, అంటే ఎనలూప్ ప్రో, 2500 దగ్గర ఉంటాయి. సెట్టు మార్చే లోపు ఎక్కువ ఫ్లాష్‌లు పడతాయి, రిసెప్షన్ స్టేజీ మీద నిలబడి వరసగా గ్రూపులు తీసేవాళ్లకి అవి బాగుంటాయి. కానీ కంపెనీ వాటికి చెప్పేది 500 ఛార్జీలే, ఏడాదికి 85 శాతం నిలుపుదల. సీజన్లో రోజూ ఛార్జ్ పెట్టేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. స్టూడియోలో తమ్ముళ్లు ఉండి సెల్స్ మారుస్తుంటే నేను కూడా వాటికే వెళ్లేవాణ్ణేమో. ఒంటరిగా, ఫ్లాష్‌ని కెమెరా మీదే పెట్టుకుని తిరిగే నాకు తెల్లవి మూడు సెట్లు ఉంటే ఒక రాత్రి పెళ్లి ధైర్యంగా గడుస్తుంది.

ఇక మీ ఫ్లాష్ లిథియం ప్యాక్‌తో నడిచేదైతే ఈ గొడవంతా మీకు లేదు. ట్రిగ్గర్‌లో రెండు తెల్ల సెల్స్ వేసుకుంటే చాలు. కొనేటప్పుడు మాత్రం సెల్‌ని వెలుతురుకి ఏటవాలుగా తిప్పి చూడండి. పై తొడుగు మీద రంగు లేకుండా నొక్కిన అంకెలు ఉంటాయి, అది తయారైన సంవత్సరం, నెల. ఆ అంకెలు లేకపోయినా, ప్యాకెట్లో ఒక్కోదాని మీద ఒక్కో తారీఖు ఉన్నా, ధర ఎంత తక్కువైనా వెనక్కి ఇచ్చేయండి.