ఇంట్లో కట్టుకునే ఈ-ఫాయిల్‌కి శాంసంగ్ 50ఎస్ ప్యాక్ ఎలా ఉంటుంది?

ఈ-ఫాయిల్ అంటే నీటి కింది రెక్క మీద పైకి లేచి సాగే మోటార్ బోర్డు. దాని ప్యాక్‌కి వాడే శాంసంగ్ 21700 (21 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. పొడవు) లిథియం సెల్స్‌లో 50ఈ ఉంది, 50ఎస్ ఉంది. రెండూ 5000 ఎంఏహెచ్ తరగతే. కానీ 50ఈ ఆగకుండా ఇవ్వగలిగేది 9.8 ఆంప్స్, 50ఎస్ అయితే 25. ప్యాక్ కట్టేవాళ్లు బోల్తా పడేది ఈ ఒక్క అక్షరం దగ్గరే.

14ఎస్ 8పి (సిరీస్‌లో 14 వరసలు, ఒక్కో వరసలో పక్కపక్కన కలిపిన 8 సెల్స్) అంటే 112 సెల్స్, సగటు లెక్కలో 50.4 వోల్టులు, 40 ఏహెచ్ (ఆంప్-అవర్లు), సుమారు 2 కిలోవాట్ అవర్లు. బోర్డు నీళ్ల మీదకి లేచేటప్పుడు 80 ఆంప్స్ దాకా లాగుతుంది, అంటే సెల్‌కి 10. లేచాక 30కి దిగుతుంది, సెల్‌కి నాలుగు కూడా పడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పడుతూ లేస్తూ ఉంటారు, వాళ్లకి ఆ 80 మాటిమాటికీ వస్తుంది. మూసిన పెట్టెలోంచి వేడి బయటికి పోయే దారి లేదు కాబట్టి 50ఈకి అది గండమే. 50ఎస్ మాత్రం తేలిగ్గా మోస్తుంది. ఇదే సైజులో మరో కంపెనీ సెల్, మోలిసెల్ పి42ఏ, 45 ఆంప్స్ ఇస్తుంది గానీ 4200 ఎంఏహెచ్చే. ఈ పనికి అంత కరెంటు అక్కర్లేదు, రేంజ్ తగ్గడం తప్ప ఒరిగేదేం లేదు.

ఆర్‌సీ (రిమోట్ బొమ్మల) లైపో బ్యాటరీలు చవకే, కానీ వాటిది మెత్తటి పౌచ్, చిన్న గుచ్చుకున్నా ప్రమాదం. పాత స్కూటర్ ప్యాకులు అసలొద్దు. వాటి బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) తట్టుకునే కరెంటు తక్కువైతే బోర్డు లేవకముందే మోటార్ ఆగిపోతుంది. అప్పుడు బీఎంఎస్‌ని బైపాస్ చేసేవాళ్లున్నారు, వాళ్లకో దండం. 16ఎస్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ వీటన్నిటికంటే ప్రమాదం తక్కువైనది. ఐదారు కిలోల అదనపు బరువు మోసే పెద్ద బోర్డు ఉంటే దానికే మా ఓటు.

సెల్ మంచిదైనా కట్టడంలో చెడగొట్టొచ్చు. 21700 డబ్బా మొత్తం నెగెటివే. పాజిటివ్ టోపీ చుట్టూ ఉన్న అంచుని కాపాడేది పల్చటి ప్లాస్టిక్ తొడుగొక్కటే. అలల అదురుకి నికెల్ పట్టీ అంచు ఆ తొడుగుని కోసేస్తే షార్టే. ప్రతి పాజిటివ్ మీదా బార్లీ పేపర్ రింగ్ అంటించాలి, దీన్నే ఫిష్ పేపర్ అని కూడా అంటారు. పట్టీ అసలు నికెలో, పూత పూసిన ఇనుమో తేల్చుకోవడానికి గీత గీసి రాత్రంతా ఉప్పునీళ్లలో పడేయండి. తుప్పు పడితే తిరిగిచ్చేయండి. సిరీస్ వైపు సెల్‌కి ఒక్క 0.15 మి.మీ. పట్టీ చాలదు, కింద రాగి రేకు వేయాలి.

ఫ్యూజ్ 125 ఆంప్స్‌ది, పెట్టె లోపలే, పాజిటివ్‌కి ఆనుకుని ఉండాలి. కారు ఆడియో ఫ్యూజ్ మీద సాధారణంగా 32 వోల్ట్స్ అని ఉంటుంది. అది కాలినా ఆర్క్ (తెగిన చోట ఖాళీలోంచి దూకే కరెంటు) ఆగకపోవచ్చు. 58 వోల్టుల మిడి ఫ్యూజ్ సరిపోతుందనిపిస్తుంది, కానీ నిండా ఛార్జ్ అయిన 14ఎస్ 58.8! 70 వోల్టులో అంతకు మించినదో తీసుకోండి. కనెక్టర్ ఎక్స్‌టీ90-ఎస్ అయితే కలిపేటప్పుడు నిప్పురవ్వ రాదు.

వోల్టేజ్ కటాఫ్ పని ఈఎస్‌సీకి (మోటార్‌ని నడిపే కంట్రోలర్‌కి) అప్పగించండి. వెస్క్ అనే రకం ఈఎస్‌సీలో 46 వోల్టుల దగ్గర పవర్ తగ్గడం మొదలై 43కి ఆగేలా పెడితే ఒడ్డుకి చేరే టైముంటుంది. బీఎంఎస్ ఒక్కసారిగా కోసేస్తే మనిషి ఫాయిల్ మీంచి ముందుకు పడతాడు.

5 ఆంప్స్ ఛార్జర్‌తో నిండడానికి 8 గంటలు పైనే. మూత తీసి, కళ్ల ముందు పెట్టుకుని ఎక్కించాలి. వారాల తరబడి వాడకపోతే 52-53 వోల్టుల దగ్గర ఉంచండి.

పెట్టెలోకి ఉప్పునీళ్లు వెళ్తే ఎలక్ట్రాలిసిస్‌తో హైడ్రోజన్ పుడుతుంది, మూసిన పెట్టెలో ఒత్తిడి పెరుగుతుంది. బోర్డుని మనుషులకి దూరంగా బయలు ఇసుకలో పెట్టి, దగ్గరికి వెళ్లకుండా వదిలేయండి. ఆరాక వోల్టేజ్ సరిగ్గా చూపించినా సరే, ఆ ప్యాక్‌ని మళ్లీ ఛార్జ్‌కి పెట్టొద్దు.