టేకు ఓడకు అంకుడు బద్దలు: ట్రింకోమలీ కట్టుకున్నాక నా సమీక్ష

ట్రింకోమలీ బొంబాయి రేవులో టేకుతో కట్టిన బ్రిటిష్ యుద్ధనౌక కదా, దాని నమూనా కూడా టేకుతోనే చేస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. చేయకండి. కొయ్య ఓడ నమూనాని కిట్టు (ముక్కలు ముందే కోసి అమ్మే పెట్టె) లేకుండా మొదటి నుంచి సొంతంగా కట్టుకోవాలనుకునే వాళ్లకు, ఇన్నేళ్లు దీంతో గడిపాక నేను చెప్పే మొదటి మాట ఇదే.

కారణం లెక్కలోనే ఉంది. టేకు ముక్కని వెలుతురులో పెట్టి చూస్తే సన్నటి రంధ్రాలు మామూలు కంటికే కనపడతాయి. నేను కట్టింది 1:64 స్కేలులో, అంటే అసలు ఓడలో 64వ వంతు. 0.3 మిల్లీమీటర్ల రంధ్రం ఆ లెక్కన అసలు ఓడ మీద ముప్పావు అంగుళం కన్నం. అలాంటి పలకని ఏ వడ్రంగీ ఓడకి వేయడు. చూసేవాళ్లకు ఈ లెక్క తెలియకపోయినా ఏదో తేడా ఉందని కన్ను పట్టేస్తుంది. నమూనాకి కావాల్సింది అసలు ఓడలో వాడిన కర్ర కాదు. అన్ని రెట్లు చిన్నదైనా పోగు కనపడని కర్ర కావాలి. యూరపులో దీనికి బేరి (పియర్) చెట్టు కర్ర, బాక్స్‌వుడ్ అనే కర్ర వాడతారు. మనకి ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర ఉంది. లేత దంతం రంగు, మెత్తటి సన్నటి పోగు, ఉలికి చక్కగా తెగుతుంది. తరిమెన (లేత్) పట్టి బొమ్మలు చేయడానికి వాళ్లు దాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక్క ముక్క చేతిలోకి తీసుకుంటే అర్థమవుతుంది.

అంకుడు చిన్న చెట్టు, పొడుగు పలకలు రావు కదా అంటారేమో. అక్కర్లేదు. అసలు ఓడల మీద కూడా ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఒకే పలక ఉండదు. పాతికడుగుల పలకలు అతికేవాళ్లు. 1:64లో పాతికడుగులంటే 12 సెంటీమీటర్లు. అంత ముక్కలు కావాల్సినన్ని దొరుకుతాయి. పైగా అతుకులు సరిగ్గా పడితే ఓడ నిజంగా కట్టినట్టు కనిపిస్తుంది. ఒక చట్రం (ఓడ పక్కటెముక) మీద ఒక అతుకు పడితే, మధ్యలో కనీసం మూడు పలకల వరసలు వదిలాకే మళ్లీ అదే చట్రం మీద ఇంకో అతుకు వేయాలి.

హెచ్ఎంఎస్ ట్రింకోమలీ కథే నన్ను ఈ ఓడ వైపు లాగింది. 1812లో బ్రిటిష్ నౌకాదళం దీన్ని కట్టమంది. పటాలు తీసుకొస్తున్న జావా అనే ఓడ అదే ఏడాది డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ చేతిలో ఓడిపోయింది. దాంతో పాటే పటాలూ పోయాయి. మళ్లీ పంపిన పటాలతో వాడియాల కుటుంబానికి చెందిన జంషెడ్జీ బొమన్‌జీ కట్టించి, 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దింపాడు. ఫ్రాన్సుతో యుద్ధాల వల్ల ఇంగ్లండులో ఓక్ కరువై మన టేకు మీద కన్ను పడిన కాలం అది. ఆ టేకే దీన్ని బతికించింది. ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీళ్ల మీద తేలుతూనే ఉంది. ఇదే లెడా తరగతికి చెందిన యూనికార్న్ స్కాట్లండులోని డండీలో ఉంది. అంటే ఒకే పటంతో మొదలైన రెండు ఓడలు ఈ రోజుకీ కళ్లముందున్నాయి. నమూనా కట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఏదైనా మూల అర్థం కాకపోతే ఫొటో చూసుకోవచ్చు.

అయితే ఏ ఏడాది ఓడని కడుతున్నారో రంపం పట్టకముందే తేల్చుకోవాలి. 1840ల్లో ట్రింకోమలీని మార్చి ఫిరంగులు తగ్గించారు. ఇప్పటి ఫొటోలని, 1817 నాటి పటాన్ని కలిపేస్తే ఏ కాలంలోనూ లేని ఓడ తయారవుతుంది. నేను 1817కే కట్టుబడ్డాను. లెడా తరగతి పటాల నకళ్లు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం అమ్ముతుంది. మొత్తం ఖర్చులో నేను సంతోషంగా పెట్టింది ఈ పటాలకే. ఫిరంగుల డెక్కు 150 అడుగులు, అంటే నమూనాలో 28 అంగుళాలు. వెడల్పు 40 అడుగులు, అంటే ఏడున్నర అంగుళాలు. ముక్కుకర్రా తెరచాప స్తంభాలూ కలిపితే గాజు పెట్టెకి బాగానే చోటు కావాలి. ఈ విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఇక అస్థిపంజరం. మధ్యలో వెన్నుకర్ర, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి చట్రాలు. పటంలో కుడి సగంలో ముందు భాగపు చట్రాలు, ఎడమ సగంలో వెనక భాగపువి గీసి ఉంటాయి. వాటిని ప్లైవుడ్ మీదకి దించి కోయాలి. మామూలు ప్లైవుడ్ వద్దు. లోపల బోలు వదిలి ఉంటుంది, వానాకాలానికి మెలి తిరుగుతుంది. మెరైన్ ప్లై 4 మిల్లీమీటర్లది తీసుకుంటే నా విశాఖ తేమకి కూడా ఇన్నేళ్లలో కదల్లేదు. ముందూ వెనకా, వంపు ఎక్కువున్న చోట చట్రాల మధ్య ఖాళీల్లో కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి దిమ్మలు పెట్టాను. పొణికి చాలా తేలిక, చాకుతో కూడా చెక్కొచ్చు. పలకలకి మాత్రం అది పనికిరాదు, అంచు నిలవదు.

తర్వాత వచ్చేది చట్రాల అంచుల్ని ఓడ వంపుకి తగ్గట్టు ఏటవాలుగా అరగదీసే పని. నా దృష్టిలో ఓడ మొత్తానికీ ఇదే ప్రాణం. ఎంతసేపు పడితే అంతసేపు ఇక్కడే ఉండండి. సన్నటి బద్ద ఒకటి తీసుకుని ముందు నుంచి వెనక్కి చట్రాల మీదుగా పరవాలి. వెనకాల దీపం పెట్టి చూడాలి. బద్దకీ చట్రానికీ మధ్య వెలుగు గీత కనపడితే ఆ చట్రం లోపలికి ఉన్నట్టు, అక్కడ సన్నటి చెక్క అతికి లేపాలి. బద్ద ఒక చట్రం మీద మాత్రమే ఆని అటూ ఇటూ లేస్తుంటే అది పైకి ఉన్నట్టు, అరగదీయాలి. సాండ్ పేపర్ అతికించిన పొడుగు పలకకి సుద్ద పూసి రుద్దితే ఎత్తుగా ఉన్న చోట్లే తెల్లబడతాయి. ముక్కు దగ్గర వాలు చాలా ఎక్కువ, అక్కడ చట్రం అంచు మొత్తం కత్తి మొనలా అయిపోతుంది. భయపడనక్కర్లేదు. ఒక సాయంత్రం బద్ద ఏ చట్రం దగ్గరా వెలుగు చూపించకుండా, చేత్తో నొక్కకుండానే ఒక్క గీతలో పడుకుంటుంది. ఆ క్షణం కోసమే నేను ఇది మళ్లీ మళ్లీ చేస్తాను.

బద్దలు కోయించడానికి సామిల్లుకి వెళ్తే మేస్త్రి గారు ముక్క చూసి, "ఇంత సన్నగా కోస్తే సగం పొట్టే అవుద్దండీ" అన్నారు. నిజానికి ఆయన తక్కువే చెప్పారు. పెద్ద రంపం కోతలో పొట్టుగా పోయేది 3 మిల్లీమీటర్లు, నాకు కావాల్సిన బద్ద మందం ఒకటిన్నర. అందుకని ఆయనతో పలచటి రేకుల్లాంటి పలకలు మాత్రమే కోయించి, చిత్రిక పట్టి, బద్దలుగా చీల్చడం ఇంట్లో స్టీలు స్కేలు, పదునైన కత్తితో చేసుకున్నాను. చిన్న టేబుల్ రంపం కొంటే పని తేలికవుతుంది. కానీ అది తప్పనిసరి కాదు. కత్తి బ్లేళ్లకి మాత్రం లోభించకండి.

పలకలు వేసేటప్పుడు కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. ఓడ నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. పలకల సంఖ్య మాత్రం రెండు చోట్లా ఒకటే. కాబట్టి ప్రతి పలకా ముక్కు వైపు సన్నబడాలి. ప్రతి చట్రం మీదా కాగితపు పట్టీ చుట్టి, పొడుగుని పలకల సంఖ్యతో భాగిస్తే ఆ చోట పలక ఎంత వెడల్పుండాలో వచ్చేస్తుంది. నడుము దగ్గర 5 మిల్లీమీటర్లున్నది ముక్కు దగ్గర 3 కావచ్చు. సగం కన్నా తగ్గకూడదు. తగ్గాల్సి వస్తే రెండు పలకల్ని ఒకటిగా కలిపేయాలి. ఎడమ పక్క ఒకటి వేస్తే కుడి పక్క ఒకటి వేయాలి. ఒకే వైపు వేసుకుంటూ పోతే వెన్నుకర్ర వంగిపోతుంది.

చీలల పని నాకు అన్నిటికన్నా ఇష్టం. అసలు ఓడల్లో పలకల్ని చట్రాలకి కొయ్య చీలలతో బిగించేవాళ్లు. అంగుళంన్నర చీల 1:64లో 0.6 మిల్లీమీటర్లు. అంత సన్నటి పుల్ల రావాలంటే వెదురే రావాలి, ఇంకే కర్రా విరగకుండా రాదు. నేను కంసాలి దుకాణంలో దొరికే కమ్మచ్చు వాడాను, బంగారు తీగ లాగే రంధ్రాల పట్టీ. కంసాలి తీగని రంధ్రం వెడల్పున్న వైపు నుంచి పెడతాడు, లోహం నలిగి సాగాలి కాబట్టి. మనం తిరగేసి పెట్టాలి. ఇరుకు వైపు అంచు పదునుగా ఉండి వెదురుని గీకుతుంది. పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి ఒక్కో మెట్టూ దిగుతూ లాగాలి. చివరికి పుల్ల వేళ్ల మధ్య దారంలా వంగుతుంది. దాన్ని జిగురులో ముంచి, బరమా పెట్టిన రంధ్రంలోకి దింపి, పైన కోసేస్తే లేత చుక్కలా కనపడుతుంది. ఓడ పొడుగునా ఆ చుక్కలు వరసలు తీరితే చూడాలి.

డెక్కు మీద పలకల మధ్య తారు గీతల కోసం బద్దల అంచుకి పెన్సిల్ రుద్దితే చాలు. అతికాక మాత్రం సాండ్ పేపర్ వాడొద్దు, పెన్సిల్ గ్రాఫైట్ పొడి డెక్కంతా పాకుతుంది. బ్లేడు నిలబెట్టి గీకండి. ఫిరంగుల డెక్కు మీది 28 ఫిరంగులు అంకుడుతోనే, డ్రిల్లుకి బిగించి ఆకురాయితో తరిగాను. అట్టముక్క మీద కోసిన కొలతతో ఒక్కోటీ సరిచూసుకుంటే అన్నీ ఒకేలా వస్తాయి.

ఇన్నేళ్ల తర్వాత ఏది నిలిచింది, ఏది నిలవలేదు? తెల్ల జిగురు, అంటే మనం ఫెవికాల్ అనే రకంతో వేసిన ఏ అతుకూ ఊడలేదు. క్షణంలో పట్టేసే సూపర్ గ్లూతో వేసిన చిన్న చిన్న అతుకులు పెళుసెక్కి కొన్ని రాలాయి. దాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచడానికే వాడాలి. అడుగున వేసిన రాగి రేకు అసలు ఓడల్లో 4 అడుగులు, 14 అంగుళాల కొలత. నేను 19 మిల్లీమీటర్ల పొడుగున, ఐదున్నర వెడల్పున కోశాను. వెనక జిగురున్న రాగి టేపు అంచులు రెండో వేసవికే లేచాయి. విడి రాగి రేకుని ఎపాక్సీతో వేసిన చోట మాత్రం ఏమీ కాలేదు. రాగి నల్లబడితే తోమకండి, ఆ రంగే ఓడకి అందం.

తాళ్ల విషయంలో నా అభిప్రాయం గట్టిది. నూలు దారం చూడటానికి నిజం తాడులా ఉంటుంది. కానీ సముద్రం పక్క ఊళ్లలో తేమకి బిగుసుకుని ఎండకి వదులైపోతుంది, స్తంభాల్ని అటూ ఇటూ లాగుతుంది. పాలియెస్టర్ దారాన్ని పేని వేసిన తాళ్లు వేసినట్టే ఉన్నాయి. నూగు పోవడానికి దారానికి తేనెమైనం రాయమని చాలామంది చెప్తారు. రాసినవాటి మీద దుమ్ము అంటుకుంటోంది. ఇప్పుడు నేను దారాన్ని మంట పక్కగా ఒక్కసారి లాగి నూగు కాల్చేస్తున్నాను. స్తంభాల పక్క నిచ్చెన తాళ్లకి అడ్డ మెట్లు 5 మిల్లీమీటర్లకి ఒకటి పడతాయి. వెనకాల గ్రాఫ్ కాగితం పెట్టుకుంటే కళ్లకి శ్రమ సగం తగ్గుతుంది. ఇది మెల్లగా సాగే పని, రోజుకి ఒక పక్క కొంచెం చాలు.

పైపూతకి లక్కను స్పిరిట్‌లో కరిగించి వేశాను. గీత పడితే స్పిరిట్‌తోనే సరిదిద్దుకోవచ్చు, పాతబడ్డా పసుపు తేలి వెచ్చగా కనిపిస్తుంది. వాన రోజు మాత్రం వేయకండి, తేమ పట్టి తెల్లటి పొగలా అయిపోతుంది.

కిట్టు కొంటే తక్కువా, సొంతంగా కడితే తక్కువా అని అడుగుతారు. ఇంత పెద్ద ఓడ కిట్టు బయటి దేశాల నుంచి తెప్పిస్తే సుంకంతో కలిపి చాలా అవుతుంది. సొంతంగా కడితే కర్రకి అయ్యేది తక్కువే, పనిముట్లకి ఎక్కువ, పనిముట్లు మాత్రం తర్వాతి ఓడకీ ఉంటాయి. కానీ డబ్బు మిగులుతుందని ఇందులోకి రావద్దు. కొలత నుంచి ఆకారం ఎలా పుడుతుందో చేత్తో తెలుసుకోవాలనుంటే రండి, కిట్టులో ఆ భాగం వేరేవాళ్లు చేసేసి ఉంటారు.

మొదటి ఓడగా ఫ్రిగేటు (ట్రింకోమలీ లాంటి మూడు స్తంభాల యుద్ధనౌక) మాత్రం వద్దు. ఫ్రిగేటు డెక్కు మీద ఉండే పెద్ద పడవల్లో లాంగ్‌బోటు ఒకటి తీసుకోండి. 1:24లో చేస్తే చేతికి సరిపోయే సైజు వస్తుంది. ఒకటే స్తంభం, ఫిరంగులు లేవు, తాళ్లు కొన్నే. కానీ చట్రాల వాలు, పలకల సన్నబాటు, అతుకుల లెక్క అన్నీ ఉన్నాయి. అంకుడు ముక్కలు పచ్చివి దొరికితే నీడలో గాలి తగిలేలా పేర్చి బాగా ఆరాకే కోయండి. పూర్తయ్యాక గాజు పెట్టెలో పెడితే అడుగున రెండు వైపులా చిన్న గాలి రంధ్రాలు వదలండి. పూర్తిగా మూసేస్తే కర్ర నుంచీ రంగు నుంచీ వచ్చే ఆవిరి లోపలే నిలిచిపోతుంది. సీసంతో చేసిన భాగాలేవైనా ఉంటే వాటిని తెల్లటి పొడిగా తినేస్తుంది.