పిల్లల మైగ్రేన్ లెక్కకు ఏది మేలు: క్యాలెండరా, చిన్న యాపా, అన్నీ అడిగే యాపా?

నెలలో ఎన్ని రోజులు నొప్పి వచ్చింది, ఎంతసేపు ఉంది, మాత్ర ఎన్ని రోజులు వేశారు, స్కూలు ఎన్ని రోజులు పోయింది? డాక్టరుకు ముఖ్యంగా కావలసినవి ఇవే. వీటికి సరైన జవాబు ఇచ్చేదే మంచి పద్ధతి.

గోడ క్యాలెండర్ తక్కువదేం కాదు. మైగ్రేన్‌లో వెలుతురు పడదు, ఫోన్ తెర చూడలేరు. పెన్నుతో ఒక గీత గీస్తే చాలు. పదేళ్లలోపు పిల్లలకు ఇదే మేలు, అమ్మానాన్నలే రాయవచ్చు. కాకపోతే ఖాళీ గడి చూస్తే ఆ రోజు నొప్పి రాలేదో, రాయడం మరిచారో తెలియదు. అందుకే నొప్పి లేని రోజున సున్నా వేయాలి.

టీనేజ్ పిల్లలకు మాత్రం కొద్ది ప్రశ్నలే అడిగే చిన్న యాప్‌కే మా ఓటు. నొప్పి మొదలవగానే ఒక్క బటన్ నొక్కి పడుకోవచ్చు, మిగతావి సాయంత్రం నింపుకోవచ్చు. అసలు లాభం మాత్ర వేసిన రోజుల లెక్కలో ఉంది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్ మందులు 10 రోజులు, లేదా అంతకు మించి, మూడు నెలలు దాటి వాడితే ఆ మందుల వల్లే తలనొప్పి ముదరవచ్చు. ఇక్కడ లెక్క రోజులది, మాత్రలది కాదు. యాప్ దేన్ని లెక్కిస్తోందో ముందే చూసుకోండి. ఇంకో చిక్కు: పెద్దల్లో మైగ్రేన్ కనీసం 4 గంటలు ఉండాలంటారు, 18 ఏళ్లలోపు వారికి 2 గంటలు చాలు. పిల్లల్లో నొప్పి తరచు తలకు రెండు వైపులా వస్తుంది. పెద్దల కొలతతో చేసిన యాప్ అయితే "ఇది మైగ్రేన్ కాదు" అనేస్తుంది.

తిండి, వాతావరణం, నిద్ర అంటూ అన్నీ అడిగి కారణం చెబుతామనే యాప్‌లతో మొదలుపెట్టొద్దు. నెలకు నాలుగు సార్లు వచ్చే నొప్పిని పదిహేను కారణాలతో పోలిస్తే ఏదో ఒకటి యాదృచ్ఛికంగానే సరిపోతుంది. చాక్లెట్ తిన్నాక నొప్పి వచ్చిందనుకుంటాం, కానీ తీపి మీదికి మనసు పోవడం మొదలైన మైగ్రేన్‌కే తొలి లక్షణం కావచ్చు. అలా ఒక్కొక్కటీ మానేస్తూ పిల్లలు భోజనమే తప్పిస్తే, ఆ ఆకలే నొప్పిని రప్పిస్తుంది.

శ్వాస, కండరాల సడలింపు నేర్పే యాప్ వేరే పని చేస్తుంది, నొప్పి లెక్క రాసే డైరీకి బదులు కాదు. దాన్ని నొప్పి లేని రోజుల్లో సాధన చేయాలి.

ఏ యాప్ అయినా లొకేషన్, కాంటాక్ట్స్ అనుమతులు ఆపేయండి. ఉన్నట్టుండి మునుపెన్నడూ లేనంత నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, చేయి కాలు బలహీనపడటం, మాట తడబడటం కనిపిస్తే యాప్ తెరవకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.