విజయనగరంలో చెమ్మ రిపేరు బాగా చేసారు
తోటపాలెంలో మాకు రెండు పోర్షన్లు అద్దెకి ఉన్నాయి, పై బాత్రూం నుంచి కింద వంటగది స్లాబ్‌కి చెమ్మ దిగిపోతోందని అద్దెకున్న అక్క ఫోన్ చేసారు. ముందు పిలిచినాయన టైల్స్ మొత్తం పగలగొట్టాలి అనీసాడు, అంటే నాలుగు నెలల అద్దె దానికే పోతుంది. కోట దగ్గర హార్డ్‌వేర్ షాపు వాళ్లు పంపిన కుర్రోడు మాత్రం రంగునీళ్లు నహానీ ట్రాప్‌లో (బాత్రూం నేలలో నీళ్లు బయటికి పోయే చోటు) పోసి చూసాడు, లీకు ఆ జాయింట్‌లోనే ఉంది, అంతవరకే తవ్వి కొత్త ట్రాప్ పెట్టి, ఆరాక నీళ్లు నిలగట్టి మరీ చూపించాడు. సామాన్ల బిల్లు వేరు, కూలి వేరు రాసిచ్చారు, అది చాలా నచ్చింది. ఇన్‌కంటాక్స్‌లో మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతమే పన్ను లెక్కలోంచి తగ్గిస్తారు, రిపేరుకి ఎంత ఖర్చైనా అంతే, అందుకే ఇలాంటివాళ్లు దొరకాలి. రెండ్రోజులు లేటుగా వచ్చాడు, అదొక్కటే ఇబ్బంది.