కిలికి, టోకి పోనా, ఎస్పరాంటో: మాటల పుట్టుక తవ్వేవాళ్లకి ఏది మేలు?

హైదరాబాద్‌లో కల్పిత భాష అనగానే ముందు గుర్తొచ్చేది కిలికి. ‘బాహుబలి’లో కాలకేయుల కోసం మదన్ కార్కి అల్లిన భాష. దాని మీద మనకి అభిమానం ఉండటం సహజమే. కానీ ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వి చూసే పిచ్చి ఉన్నవాళ్లకి అక్కడ పెద్దగా పని దొరకదు. ‘మిన్’ అంటే నేను, తిరగేస్తే ‘నిమ్’, అంటే నువ్వు. ముచ్చటగా ఉంది, కథ కూడా అంతే.

టోకి పోనా అలా కాదు. కెనడాకు చెందిన సోన్యా లాంగ్ 2001లో బయటపెట్టిన ఈ భాషకి మూలపదాలు 120 చిల్లరే. అయినా ఒక్కోటి ఒక్కో దేశం నుంచి వచ్చింది. ‘కాలా’ (చేప) ఫిన్నిష్‌ది, ‘యాన్’ (మనిషి) కాంటొనీస్‌ది. నీళ్లకి ‘టెలో’ అంటారు, అది ఫ్రెంచి ‘ద లో’ నుంచి వచ్చింది. చిక్కేమిటంటే ద్రవమైతే చాలు, అన్నీ టెలోనే. మంజీరా నీళ్లు, పచ్చిపులుసు, ఇరానీ చాయ్ అన్నిటికీ అదే మాట! ‘పోనా’ (మంచి) మాత్రం ఎస్పరాంటో ‘బోనా’ నుంచి తెచ్చుకున్నది.

నా ఓటు ఆ ఎస్పరాంటోకే. పోలండ్ కంటి డాక్టర్ జామెన్‌హాఫ్ 1887లో ప్రకటించిన ఈ భాషలో భర్త ‘ఎడ్జో’, భార్య ‘ఎడ్జీనో’. ‘ఇన్’ స్త్రీవాచక ప్రత్యయం కాబట్టి భర్తలోంచి భార్య పుట్టిందనుకుంటాం. తండ్రి ‘పాట్రో’ నుంచి తల్లి ‘పాట్రీనో’ వచ్చింది అలాగే, దాని మీద విమర్శలూ ఉన్నాయి. భార్యాభర్తల మాటల్లో మాత్రం కథ అడ్డం తిరిగింది. యువరాజు భార్యను సూచించే జర్మన్ మాట తోక కోసి, ఆ తోకతోనే ముందు భార్యని తయారుచేశారని, అందులోంచి ‘ఇన్’ తీసేస్తే భర్త మిగిలాడని చెబుతారు. కాదు, ఆ తోక యూరప్ యూదుల భాష యిద్దిష్‌లో రబ్బీ (యూదు మతగురువు) భార్యను పిలిచే ‘రెబెట్సిన్’దని ఇంకో వాదన. మన ‘ఆలుమగలు’లోనూ ఆలే ముందు కదా!

ఎస్పరాంటోలో లోటు లేకపోలేదు. ధాతువులు దాదాపు అన్నీ యూరప్‌వే. మరాఠీ ‘నకో’ (వద్దు)ని ‘నక్కో’ చేసుకుని హాయిగా వాడుకునే హైదరాబాద్ వాళ్లకి ఆ పక్షపాతం కాస్త గుచ్చుకుంటుంది. అయినా తవ్వడానికి ఇంత సరుకు మిగతా రెండింటిలో లేదు. భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లో ఇంగ్లీషు ద్వారా ఎస్పరాంటో కోర్సు ఉంది. అంత ఓపిక లేకపోతే టోకి పోనాతో మొదలుపెట్టండి, పదాల పట్టిక రెండు పేజీలు దాటదు.