లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ స్పానిష్ కోర్సు: నోటికి మంచిదే, రాతకు చాలదు

స్పానిష్ కోర్సు సత్తా తెలిసేది "నాకు కాఫీ కావాలి" దగ్గర కాదు, "నువ్వు రావాలని నా కోరిక" అని చెప్పాల్సి వచ్చినప్పుడు. మొదటిదాన్ని ఏ యాప్ అయినా మొదటి రోజే నేర్పేస్తుంది. రెండోదానికి క్రియ రూపమే మారుతుంది. వ్యాకరణం పుస్తకాల్లో దీన్ని సబ్‌జంక్టివ్ అంటారు. అంతవరకు హాయిగా సాగిన చదువు అక్కడే తడబడుతుంది.

మిహాలిస్ ఎలెఫ్తెరియూ తయారుచేసిన లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వారి 'కంప్లీట్ స్పానిష్' ఈ గట్టు బాగానే దాటిస్తుంది. మొత్తం 90 ఆడియో పాఠాలు. పూర్తిగా ఉచితం, విరాళాల మీద నడుస్తోంది. యాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. టీచరు ఒక విద్యార్థికి పాఠం చెబుతుంటే మనం వింటాం. ఆయన ప్రశ్న వేయగానే ఆపాలి, మన జవాబు పైకి చెప్పాలి, ఆ తర్వాతే విద్యార్థి జవాబు వినాలి. పాజ్ నొక్కకుండా బస్సులో కూర్చుని వింటూ పోతే అంతా అర్థమైనట్టే ఉంటుంది, నోరు మాత్రం తిరగదు. ఈ కోర్సు పనిచేయలేదనే వాళ్ళను మొదట అడగాల్సింది ఆ పాజ్ గురించే.

కోరికల రూపం కట్టే పద్ధతి నిజానికి చిన్నదే. క్రియకు వర్తమానంలో 'నేను'తో వచ్చే రూపం తీసుకుని చివరి 'ఓ' తీసేయాలి. 'ఆర్'తో ముగిసే క్రియలకు 'ఎ', 'ఎర్', 'ఇర్'తో ముగిసే వాటికి 'అ' తగిలించాలి. ఆబ్లో (మాట్లాడతాను) నుంచి ఆబ్లె, కోమో (తింటాను) నుంచి కోమా. తెంగో, ఆగో, దీగో లాంటి వంకర క్రియలు కూడా తెంగా, ఆగా, దీగా అని ఇదే దారిలో వస్తాయి. దారి తప్పేవి ఆరు: సెయా, ఎస్తె, వాయా, ఆయా, సేపా, దె. వీటిని బట్టీ పట్టక తప్పదు. అచ్చుల తారుమారు చెవికి అలవాటు కావడానికి ప్రశ్నా జవాబుల పద్ధతి పట్టికల కన్నా చాలా నయం.

పాఠాలు ఇంగ్లిష్‌లో ఉండడం వల్ల తెలుగువాళ్ళకు కొంత దారి పొడవవుతుంది. "ఐ వాంట్ యూ టు కమ్" అనే ఇంగ్లిష్ వాక్యం కూర్పును ముందు విడదీసి, తర్వాత స్పానిష్‌లోకి దింపాలి. మనకు ఆ శ్రమ అక్కర్లేదు. "నువ్వు రావాలని కోరుతున్నాను" నుంచి నేరుగా "కియెరో కె వెంగాస్"కు వెళ్ళవచ్చు, రెండింట్లోనూ 'నువ్వు' కర్తగానే ఉంటుంది. మన చిక్కు వేరేచోట. నేను వెళ్ళినా నువ్వు వెళ్ళినా తెలుగులో "వెళ్ళాలని" మారదు. స్పానిష్‌లో కోరేదీ చేసేదీ ఒకరే అయితే "కియెరో ఇర్", వేర్వేరు మనుషులైతే "కియెరో కె వాయాస్". అందుకే తెలుగువాళ్ళ నోట "కియెరో కె వాయా" అని తన గురించే చెప్పుకునే తప్పు వస్తుంది. ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పే ముందు "ఎవరు కోరుతున్నారు, ఎవరు చేయాలి" అని చూసుకుంటే చాలు.

ఇక లోటు. ఆడియో కాబట్టి స్పెల్లింగు కనబడదు, సబ్‌జంక్టివ్‌లో స్పెల్లింగే పెద్ద తలనొప్పి. బుస్కార్ అనే క్రియ బుస్కె అయ్యేసరికి 'సి' అక్షరం పోయి 'క్యూ', 'యు' రావాలి, లేకపోతే 'ఎ' ముందు 'సి' పలుకు మారిపోతుంది. యెగార్‌లో 'జి' పక్కన 'యు' చేరుతుంది, ఎంపెసార్‌లో 'జెడ్' కాస్తా 'సి' అవుతుంది. ఎస్తె, దె అనే రెండింటిలోనూ అచ్చు మీద చిన్న గీత (యాక్సెంట్ గుర్తు) తప్పనిసరి, అది లేకపోతే వేరే మాటలు. ఇవి వింటే తెలియవు. పాఠం అయ్యాక పది వాక్యాలు కాగితం మీద రాసి, స్పెయిన్ భాషా అకాడమీ అయిన రియల్ అకాదెమియా ఎస్పాన్యోలా వారి ఉచిత ఆన్‌లైన్ నిఘంటువులో ఆ క్రియ పట్టికతో సరిచూసుకోవాలి. నిఘంటువు పూర్తిగా స్పానిష్‌లోనే ఉంటుంది, పట్టిక చదవడానికి అది అడ్డేమీ కాదు.

అసలు కోరికల్లో రుచి మన 'బాగుండు' లాంటి 'ఒహలా'లో ఉంది, దీన్ని విడిగా సాధన చేయాలి. "ఒహలా వెంగా" అంటే వస్తే బాగుండు, వచ్చే వీలుంది. "ఒహలా వినియెరా" అంటే వస్తే ఎంత బాగుండేదో, వస్తాడన్న ఆశ పెద్దగా లేదు. "ఒహలా ఉబియెరా వెనీదో" అంటే వచ్చి ఉంటే బాగుండేది, అవకాశం దాటిపోయింది. క్రియ కాలంలో ఎంత వెనక్కి జరిగితే ఆశ అంత తగ్గుతుంది. అలాగే "మె గుస్తరీయా కె" (ఇలా జరిగితే నాకు ఇష్టం) తర్వాత "వినియెరాస్" అనడమే పాఠ్యపుస్తకాల పద్ధతి. లాటిన్ అమెరికాలో మాటల్లో "వెంగాస్" కూడా వినబడుతుంది, పరీక్షలో మాత్రం పుస్తకం మాటే రాయండి.

తినాలనిపించడం, తాగాలనిపించడం దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో "మె అపెతేసె ఉన్ కఫే", మెక్సికోలో "సె మె అంతోహా", కొలంబియా, వెనిజువెలా, పెరూల్లో "మె ప్రోవోకా". వాక్యం కూర్పు మన "నాకు తాగాలనిపిస్తోంది" లాంటిదే, కోరిక మన దగ్గరికి వస్తుంది తప్ప మనం చేసే పనిగా ఉండదు. ఏ ఊరిదో తెలియని మనిషితో "తెంగో గానాస్ దె" (నాకు ఫలానాది చేయాలనుంది) అంటే ఎక్కడైనా సరిపోతుంది.

స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ జరిపే స్పానిష్ ప్రావీణ్య పరీక్ష డేలెలో బి1 (మధ్యస్థ) స్థాయికి కూర్చునేవాళ్ళకు ఈ కోర్సు ఒక్కటే చాలదు. ఆ స్థాయిలో ఉత్తరాలూ వ్యాసాలూ రాయాలి, కోరికల వాక్యాలు అక్కడే అవసరమవుతాయి. రాత అభ్యాసాలున్న పుస్తకం ఒకటి పక్కన ఉంచుకోవాలి. మాట్లాడడమే కావాలనుకునేవాళ్ళు ఏ ఫీజూ కట్టకముందు మొదటి పాఠాలు కొన్ని వినండి. ఇంగ్లిష్‌లో 'అల్', 'షన్' అంటూ ముగిసే మాటలను స్పానిష్‌లోకి మార్చడం సులువుగా అనిపిస్తే ముందుకు సాగండి. ఇంగ్లిష్ వినడమే కష్టంగా ఉంటే, ఉచితమే అయినా ఇది మీకు సరిపడదు.